షెల్టర్ పిల్లిని అర్థం చేసుకోవడం ఎలా? దత్తత ప్రకటన నుంచి ఇంట్లో కుదురుకునే దాకా

జంతువుల షెల్టర్లు తమ సమాచార పత్రికల్లోనూ నోటీసు బోర్డుల మీదా దత్తతకు సిద్ధంగా ఉన్న పిల్లుల గురించి రెండు మూడు వాక్యాల పరిచయం రాస్తుంటాయి. "బిడియం ఎక్కువ, ఓపిక ఉన్న ఇల్లు కావాలి" అనో, "ఒడిలో కూర్చోదు" అనో, "ఇంట్లో మరో పిల్లి ఉండకూడదు" అనో ఆ వాక్యాలు ఉంటాయి. చదివినవారు అవన్నీ ఆ పిల్లి పుట్టుకతో తెచ్చుకున్న గుణాలనుకుంటారు. చాలా సందర్భాల్లో ఆ మాటలు చెప్పేది ఒక్కటే: పరాయి వాసనల మధ్య, ఒక బోనులో, కొన్ని రోజుల పాటు ఆ పిల్లి అలా ఉంది.

నేను వాలంటీరుగా పనిచేసిన రోజుల్లో ఇలాంటి పరిచయాలు చాలా రాశాను. వాటిలో ఒకటి పూర్తిగా తప్పు. బూడిద రంగు చారల ఆడపిల్లి ఒకటి వచ్చిన రోజు నుంచీ తన లిట్టర్ ట్రేలోనే (మలమూత్రాల కోసం లిట్టర్ అనే గుళికలు పోసి ఉంచే పళ్లెం), బోను వెనక గోడకు వీపు ఆనించి, కాళ్లన్నీ ఒంటి కిందికి ముడుచుకుని కూర్చునేది. చేయి లోపలికి పెడితే బుస కొట్టేది. తొమ్మిదో రోజున "మనుషులంటే పడదు" అని రాసి కాగితం తగిలించాను. ఆ వారంలోనే మరమ్మతు కోసం బోన్లు ఖాళీ చేయవలసి వచ్చి, దాన్ని ఒక అట్టపెట్టెతో సహా ఆఫీసు గదిలో బల్ల కింద ఉంచారు. మూడో రోజు సాయంత్రం నేను మందుల లెక్క రాసుకుంటూ ఉండగా అది మెల్లగా బల్ల ఎక్కి, నా కలం మూతకు దవడ రుద్ది, తెరిచి ఉన్న లెక్కల పుస్తకం మీదే పడుకుంది. దాని పాత బోను కుక్కల గదికి వెళ్లే తలుపు పక్కన ఉండేదనీ, ఆ తలుపు చప్పుడైన ప్రతిసారీ అది ట్రేలోకి దూరేదనీ అప్పుడు గానీ నాకు తట్టలేదు.

కింద చెప్పబోయే ప్రతి అడుగుకూ ఆధారం అదే. పిల్లి ఏ పని చేసినా మూడు ప్రశ్నలు వేసుకోవాలి: సరిగ్గా ఏం చేసింది, ఎక్కడ చేసింది, అంతకు ముందు క్షణంలో అక్కడ ఏం జరిగింది. ఒక చిన్న నోటుపుస్తకంలో తేదీతో, వేళతో సహా ఈ మూడింటినీ రాసుకోవడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకుంటే, "మొండిది", "పొగరుబోతు", "పగబట్టింది" వంటి మాటలు వాటంతటవే రాలిపోతాయి.

మొదటి అడుగు: ప్రకటనలోని మాటలను ప్రశ్నలుగా మార్చుకోండి

"బిడియం" అని రాసి ఉంటే ఎవరి ముందు బిడియం, ఏ వేళలో, వచ్చి ఎన్నాళ్లయింది అని సిబ్బందిని అడగాలి. వచ్చి నాలుగు రోజులైన పిల్లి బిడియానికీ, నాలుగు నెలలుగా అక్కడే ఉన్న పిల్లి బిడియానికీ పోలిక లేదు. "ఒడిలో కూర్చోదు" అన్న పిల్లి చేతికి అందేంత దూరంలో గంటల తరబడి కూర్చునే పిల్లి కావచ్చు. చాలా ఇళ్లకు అదే హాయి. "మరో పిల్లి పనికిరాదు" అన్న మాటకు ఆధారం పాత యజమాని చెప్పిన అనుభవమా, ఎదురు బోనులోని పిల్లిని చూసి బుస కొట్టడమా అన్నది అడిగి తీరాలి, ఎందుకంటే రెండోదాన్ని బట్టి ఏదీ తేల్చలేము. జంటగానే ఇస్తామని రాసిన రెండు పిల్లులను మాత్రం విడదీయమని ఎవరినీ బతిమాలవద్దు.

అన్నిటికన్నా విలువైన సమాచారం కూనగా ఉన్నప్పటిది. పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకా ఉండే కాలంలో మనిషి చేయి, మాట, వాసన పరిచయమైన కూన పెద్దయ్యాక మనుషులను లోకంలో ఒక మామూలు భాగంగా ఎంచుతుంది. ఆ కాలమంతా మనిషి ముఖం చూడకుండా గడిచిపోతే, తరువాత ఎంత ప్రేమ చూపినా మనుషుల పట్ల జంకు పూర్తిగా పోవడం కష్టం. అందువల్ల ఒకప్పుడు ఇంట్లో పెరిగి తప్పిపోయిన పిల్లికీ, పుట్టుక నుంచీ మనుషులకు దూరంగా బతికిన పిల్లికీ మధ్య తేడా పెద్దది. చిక్కేమిటంటే, షెల్టర్‌కు వచ్చిన తొలి రోజుల్లో భయంతో రెండూ ఒకేలా కనిపిస్తాయి. కొన్నాళ్లు గడిచాక, గది నిశ్శబ్దంగా ఉన్న వేళ ముందుకు వచ్చి తినేది, మాటకు బదులుగా మ్యావ్ అనేది సాధారణంగా ఇంటి పిల్లే. ఎదిగిన పిల్లులు తమలో తాము మ్యావ్‌మనడం చాలా అరుదు. ఆ అరుపు ముఖ్యంగా మనుషుల కోసం అట్టేపెట్టుకున్నది. మనుషులకు అలవాటు పడని పిల్లులను చాలా చోట్ల పట్టి, సంతానం కలగకుండా శస్త్రచికిత్స చేసి, గుర్తుగా ఒక చెవి కొన కత్తిరించి తమ చోటనే వదిలేస్తారు. చెవి కొన లేని పిల్లిని చూసి ఎవరో హింసించారని బాధపడనవసరం లేదు.

ఆరోగ్యం సంగతి క్లుప్తంగా: టీకాల వివరం, రక్తక్యాన్సర్‌కు దారితీసే లుకేమియా వైరస్, రోగనిరోధక శక్తిని తగ్గించే ఎఫ్‌ఐవీ పరీక్షల ఫలితాలు, శస్త్రచికిత్స జరిగిందో లేదో, మైక్రోచిప్ ఉంటే దాని పదిహేను అంకెల సంఖ్య రాయించుకోండి. ఆ చిప్ మీద మీ పేరు, ఫోను నంబరు నమోదు కాకపోతే అది చర్మం కింద ఉన్నా ఉపయోగం లేదు. గతంలో జలుబు, కళ్లు కారడం ఉన్నాయేమో కూడా అడగండి. పిల్లుల హెర్పిస్ వైరస్ ఒకసారి సోకితే ఒంట్లోనే దాగి ఉంటుంది. ఇల్లు మారడం వంటి ఒత్తిడి కలిగినప్పుడు మళ్లీ తలెత్తి తుమ్ములు, కంటి నీరు తెస్తుంది. ఇంటికి వచ్చిన వారానికి తుమ్మడం మొదలుపెట్టిన పిల్లిని చూసి "షెల్టర్ వాళ్లు రోగం ఉన్నదాన్ని అంటగట్టారు" అని అనుకునేవారికి ఈ సంగతి ముందే తెలిస్తే మేలు.

రెండో అడుగు: బోను ముందు కూర్చుని గమనించండి

నిలబడి పైనుంచి చూడవద్దు. బోనుకు ఒక పక్కగా నేల మీదో, పొట్టి పీట మీదో కూర్చుని, పిల్లి కళ్లలోకి చూడకుండా పది నిమిషాలు ఊరికే ఉండండి. ఈ పది నిమిషాలు చాలామందికి వృథా అనిపిస్తుంది, కానీ పిల్లి మిమ్మల్ని పరీక్షించే సమయం అదే.

షెల్టర్లలోని పిల్లుల ఒత్తిడిని కొలిచేందుకు కెస్లర్, టర్నర్ అనే పరిశోధకులు 1997లో ప్రచురించిన కొలమానం నేటికీ వాడుకలో ఉంది. పూర్తిగా సేదదీరిన స్థితికి 1, తీవ్రమైన భయానికి 7 అని అందులో అంకెలు వేస్తారు. పొట్ట కనిపించేలా పక్కకు వాలి పడుకోవడం, కాళ్లు చాపుకోవడం, నెమ్మదైన ఊపిరి కింది అంకెలకు గుర్తులు. ఒళ్లంతా నేలకు అదుముకోవడం, నాలుగు కాళ్లూ ఒంటి కిందికి ముడవడం, వేగంగా ఊపిరి తీయడం, కంటిపాపలు పూర్తిగా విచ్చుకోవడం, చెవులు తలకు అతుక్కుపోవడం పై అంకెలకు గుర్తులు. తాత్కాలిక వసతిలో ఉంచిన పిల్లులను గమనించినప్పుడు రెండు వారాల్లో దాదాపు మూడింట రెండు వంతులు బాగానే కుదురుకున్నాయనీ, మిగిలిన వాటికి ఆ వ్యవధి చాలలేదనీ వారు తేల్చారు. మీరు చూసే రోజు ఆ పిల్లికి ఎన్నో రోజో తెలిస్తేనే మీరు చూసినదానికి అర్థం ఉంటుంది.

బాగా పొరబడే చోటు ఒకటుంది. కళ్లు మూసుకుని, అసలు కదలకుండా, ముడుచుకుని ఉన్న పిల్లిని చూసి "ఎంత నెమ్మదిగా నిద్రపోతోందో" అంటారు. నిజంగా నిద్రపోయే పిల్లి ఒళ్లు వదిలేస్తుంది; తల ఒక పక్కకు వాలుతుంది, పంజా బయటికి జారుతుంది, అప్పుడప్పుడు మీసాలు అదురుతాయి. నిద్ర నటించే పిల్లి కాళ్ల మీద బరువు నిలిపి, తల ఎత్తే ఉంచుతుంది. మీ వెనక ఎవరైనా నడిచినప్పుడు దాని చెవి అటు తిరిగితే అది మేలుకునే ఉన్నట్టు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడట్లేదనుకుంటుందని సామెత చెబుతుంది గానీ, బోనులోని పిల్లి కళ్లు మూసుకున్నా చుట్టూ జరిగేదంతా లెక్కపెడుతూనే ఉంటుంది.

దాక్కోవడానికి చోటు ఉన్న పిల్లికీ లేని పిల్లికీ తేడా ఎంతో 2014లో నెదర్లాండ్స్‌లోని ఒక షెల్టర్‌లో జరిగిన చిన్న అధ్యయనం చూపించింది. కొత్తగా వచ్చిన 19 పిల్లుల్లో కొన్నిటికి పెట్టెలు ఇచ్చారు, కొన్నిటికి ఇవ్వలేదు. పెట్టె దొరికినవి తొలి రోజుల్లోనే స్పష్టంగా తక్కువ ఒత్తిడి చూపాయి. కాబట్టి మీరు చూడబోయిన పిల్లి పెట్టెలోంచి బయటికి రాకపోతే దాన్ని లాగమని ఎవరినీ అడగవద్దు. పెట్టెలో ఉండి మీ వైపు చూస్తున్న పిల్లి, పెట్టె లేక ట్రేలో నక్కిన పిల్లి కన్నా మంచి స్థితిలో ఉంది.

ఇప్పుడు పలకరింపు. దాని వైపు సగం ముఖం మాత్రమే తిప్పి, కళ్లను మెల్లగా సగం మూసి, క్షణం ఆగి, మళ్లీ మెల్లగా తెరవండి. సస్సెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఇలా కళ్లు మెల్లగా ఆర్పిన మనిషికి పిల్లులు అదే విధంగా బదులిచ్చే అవకాశం పెరిగింది; పరిచయం లేని వ్యక్తి అయినా, అలా చేసినప్పుడు ఆ చేతి దగ్గరికి రావడానికి అవి ఎక్కువగా మొగ్గు చూపాయి. తరువాత ఒక్క వేలును, పిల్లి ముక్కు ఎత్తులో, దానికి కొంచెం దూరంలో ఉంచండి. అది వచ్చి వాసన చూసి దవడ రుద్దితే పలకరింపు అందినట్టు. వాసన చూసి తల పక్కకు తిప్పుకుంటే ఆ రోజుకు అంతే. చేయి వెనక్కి తీసుకోండి. వీలైతే వేరే రోజున, వేరే వేళలో మరోసారి వెళ్లండి. ఒక్క సందర్శనతో నిర్ణయం తీసుకోవడం నాకు నచ్చదు.

మూడో అడుగు: ఒంటి భాషను విడివిడిగా కాక కలిపి చదవండి

తోకను నిట్టనిలువుగా ఎత్తి, కొన మాత్రం కొంచెం వంచి వచ్చే పిల్లి స్నేహంగా పలకరిస్తోంది. నిలువు తోకే అయినా వెంట్రుకలన్నీ నిక్కబొడుచుకుని సీసా కడిగే బ్రష్షులా ఉబ్బితే అది హడలిపోయింది. తోక కొన మాత్రం అటూ ఇటూ కదులుతుంటే మనసు దేని మీదో లగ్నమై ఉంది, లేదా సహనం అయిపోవచ్చింది; తోక మొత్తం కొరడాలా నేలను కొడుతుంటే ఆ సహనం అయిపోయినట్టే. కుక్క తోక ఊపడం చూసి అలవాటైనవారు ఈ చివరిదాన్నే సంతోషమనుకుని గీరించుకుంటారు.

చెవులు ముందుకు ఉంటే ఆసక్తి. రెండు పక్కలకు రెక్కల్లా వాలితే అనుమానం, చిరాకు. వెనక్కి, తలకు అతుక్కుపోయేలా మడిస్తే చెవులను కాపాడుకునే ప్రయత్నం, అంటే దెబ్బలాట తప్పదని అది భావిస్తోంది. కంటిపాప పెద్దదవడం భయానికీ ఆటకీ రెండింటికీ గుర్తు, మసక వెలుతురులో అయితే దేనికీ గుర్తు కాదు. అందుకే ఏ ఒక్క భాగాన్ని చూసీ తీర్పు చెప్పకూడదంటున్నాను.

గురగురమనడాన్ని అందరూ సంతోషమనే అనుకుంటారు. తల్లి పక్కన పాలు తాగే కూన, ఎండలో పడుకున్న పిల్లి గురగురమంటాయి, నిజమే. అయితే గాయపడిన పిల్లి, ప్రసవించే పిల్లి, పశువైద్యుడి బల్ల మీద వణికే పిల్లి కూడా అదే శబ్దం చేస్తాయి. మిగతా ఒళ్లు ఎలా ఉందో చూశాకే ఆ శబ్దానికి అర్థం చెప్పాలి. బుస కొట్టడాన్ని దుర్మార్గమనుకోవడం కూడా అంతే పొరపాటు. అది "ఇంకా దగ్గరికి రావద్దు, నన్ను కొట్లాటలోకి దింపవద్దు" అనే హెచ్చరిక, ఎంతో మర్యాదైనది కూడా. దాన్ని మందలించి మాన్పిస్తే హెచ్చరిక పోతుంది, భయం మిగులుతుంది, తరువాతిసారి నేరుగా పంజా వస్తుంది. గదిలో పెట్టి కొడితే పిల్లి కూడా పులి అవుతుందన్న మన సామెతలో ఎంతో పరిశీలన ఉంది: తప్పించుకునే దారి మూసేస్తే ఎంత నెమ్మదైన పిల్లి అయినా తిరగబడుతుంది.

నాలుగో అడుగు: ముందు ఒకే ఒక్క గది సిద్ధం చేయండి

ఇల్లంతా ఒకేసారి చూపించాలన్న ఉత్సాహం మంచిదే గానీ పిల్లికి అది శిక్ష. తలుపు మూసుకోగలిగిన, రాకపోకలు తక్కువగా ఉండే ఒక గది చాలు. అందులో దాక్కోవడానికి పక్కకు తిప్పి పెట్టిన అట్టపెట్టె, ఎక్కి కూర్చోవడానికి ఎత్తైన చోటు, నిలబడి ఒళ్లు విరుచుకుంటూ గోళ్లు గీసుకునేందుకు కదలకుండా నిలిచే గట్టి స్తంభం ఉండాలి. తిండి గిన్నె, నీటి గిన్నె ఒక మూల, లిట్టర్ ట్రే వీలైనంత దూరంగా మరో మూల పెట్టాలి. తినే చోట మలవిసర్జన చేయడం పిల్లికి గిట్టదు. ట్రే పొడవు పిల్లి పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉంటే అది లోపల తిరగగలుగుతుంది. ఇంట్లో ఎన్ని పిల్లులుంటే అంతకు ఒకటి ఎక్కువ ట్రేలు, అవి కూడా వేర్వేరు చోట్ల ఉండాలన్నది పాటించదగ్గ నియమం. సువాసన కలిపిన లిట్టర్ మన ముక్కు కోసం తయారైనది, పిల్లి కోసం కాదు. షెల్టర్‌లో ఏ రకం వాడుతున్నారో కనుక్కుని మొదట అదే వాడండి. అక్కడ అది పడుకున్న గుడ్డ ఒకటి అడిగి తెచ్చుకుంటే మరీ మంచిది, ఎందుకంటే కొత్త గదిలో పాత వాసన ఉన్న వస్తువు అదొక్కటే.

గదిలోంచి తీసేయవలసినవి: లిల్లీ పూలు, వాటి మొక్కలు మొదటివి. అసలైన లిల్లీల పుప్పొడి ఒంటికి అంటుకుని పిల్లి నాకినా మూత్రపిండాలు పాడైపోతాయి. పారాసెటమాల్ బిళ్ల ఒక్కటి కూడా పిల్లి ప్రాణం తీయగలదు, దాన్ని విరిచి పారేసే శక్తి పిల్లి కాలేయానికి లేదు. కుక్కల ఒంటి మీది పురుగుల కోసం వాడే పెర్మెత్రిన్ మందును పిల్లి మీద చుక్క కూడా వేయకూడదు. దారం ముక్కలు, రబ్బరు బ్యాండ్లు ఎత్తేయండి. కిటికీలకు గట్టి జాలీ ఉందో లేదో చేత్తో నొక్కి చూసుకోండి.

పిల్లిని ఇంటికి తెచ్చే పెట్టె పైకప్పు ఊడదీయగలిగినది అయితే ఆసుపత్రిలో చాలా బాధ తప్పుతుంది. ఇంటికి రాగానే ఆ పెట్టెను గదిలో దించి, తలుపు తెరిచి, మీరు పక్కకు తప్పుకోండి. అది ఎప్పుడు బయటికి రావాలో అదే నిర్ణయించుకుంటుంది. తరువాత కూడా పెట్టెను అటక మీద పెట్టేయకుండా గదిలోనే తెరిచి ఉంచితే, అది రోజూ పడుకునే చోటు అవుతుంది గానీ డాక్టరు దగ్గరికి వెళ్లే రోజున మాత్రమే కనిపించే బూచి కాదు.

ఐదో అడుగు: మొదటి మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు

షెల్టర్ల వాళ్లు తరచూ చెప్పే కొండగుర్తు ఇది. మూడు రోజులు బెదురు తగ్గడానికి, మూడు వారాలు ఇంటి వేళలు పట్టుబడటానికి, మూడు నెలలు ఇల్లు తనదనుకోవడానికి. ప్రతి పిల్లీ ఈ లెక్క ప్రకారమే నడుచుకోదు, కానీ నాలుగో రోజునే "మాతో కలవడం లేదు" అని షెల్టర్‌కు ఫోను చేయకుండా ఈ లెక్క ఎంతోమందిని ఆపింది.

మొదటి రోజుల్లో మీరు చేయవలసింది చాలా తక్కువ. ఒకే వేళకు తిండి పెట్టండి, ట్రే శుభ్రం చేయండి, నేల మీద కూర్చుని పుస్తకం బయటికి చదవండి. పుస్తకం ఏదైనా ఫరవాలేదు. గొంతు ఒకే స్థాయిలో సాగుతూ ఉండటమూ, కళ్లు పిల్లి మీద కాక కాగితం మీద ఉండటమూ ముఖ్యం. పిల్లి మంచం కింద దూరితే చేయి పెట్టి లాగవద్దు. రాత్రి మీరు పడుకున్నాక అది గదంతా సర్వే చేసుకుంటుంది. తెల్లవారి గిన్నె ఖాళీగా, ట్రే వాడి ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టే. పిల్లులు సహజంగా తెల్లవారుజామునా మునిమాపునా చురుగ్గా ఉంటాయి కాబట్టి నాలుగింటికి పరుగులు వినిపిస్తే అది తిక్క కాదు.

నోటుపుస్తకంలో తప్పనిసరిగా ఉండాల్సినవి తిండి, నీరు, మూత్రం, మలం. పిల్లి ఒక రోజంతా ఏమీ తినకపోతే పశువైద్యుడితో మాట్లాడాలి. పిల్లి, అందులోనూ లావుగా ఉన్నది, కొన్ని రోజులు పస్తుంటే ఒంట్లోని కొవ్వు కాలేయంలో పేరుకుని ప్రాణాపాయం తెస్తుంది. "ఆకలేస్తే అదే తింటుందిలే" అన్న మాట ఇక్కడ చెల్లదు. షెల్టర్‌లో తిన్న తిండినే మొదట పెట్టి, మార్చదలిస్తే వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చండి. మన మాటల్లో పిల్లికీ పాలకూ విడదీయరాని బంధం ఉంది గానీ, ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. ఇల్లు మారిన బెదురులో ఉన్నదానికి పాలు పోస్తే విరేచనాలు పట్టుకుంటాయి, అవి భయం వల్లా పాల వల్లా అన్నది మీకు తేలదు.

ఆరో అడుగు: తాకడం, ఆడించడం

దగ్గరికి అది వచ్చాకే తాకండి. దవడల పక్కన, గడ్డం కింద, కళ్లకూ చెవులకూ మధ్య చోట వేళ్లతో నిమరడం ఎక్కువ పిల్లులకు ఇష్టం. తోక మొదలు దగ్గర తాకినప్పుడు ఎక్కువ అయిష్టం చూపాయని 2015లో జరిగిన ఒక అధ్యయనం తేల్చింది. పొట్ట చూపిస్తూ వెల్లకిలా పడుకోవడం నమ్మకానికి గుర్తు, పొట్ట పట్టుకోమన్న ఆహ్వానం కాదు. మూడు నాలుగు సార్లు నిమిరి చేయి ఆపేయండి. మళ్లీ తల తెచ్చి తోస్తే కొనసాగించండి, తోయకపోతే చాలు. నిమురుతుండగా ఉన్నట్టుండి కరిచిందని చెప్పేవాళ్ల మాటల్లో "ఉన్నట్టుండి" అన్నది దాదాపు ఎప్పుడూ నిజం కాదు. అంతకు ముందు వీపు చర్మం అలలా వణికి ఉంటుంది, తోక కొన ఆడి ఉంటుంది, చెవి ఒకటి పక్కకు తిరిగి ఉంటుంది.

ఆట విషయంలో ఒకటే గట్టి నియమం: మీ చేతులు, పాదాలు ఆటబొమ్మలు కావు. కూనగా ఉన్నప్పుడు వేళ్లను కొరకనిచ్చి నవ్విన ఇంట్లోనే ఏడాది తరువాత రక్తాలు కారతాయి. కర్రకు కట్టిన ఈక వంటిదాన్ని, ఎలుక పారిపోయినట్టు, పిల్లికి దూరంగా, ఆగి ఆగి కదపండి. ముఖం మీదికి తెస్తే ఏ వేటా అలా ఎదురు రాదు కాబట్టి అది జంకుతుంది. పొంచడం, వెంటాడటం, దూకడం, పట్టడం అనే వరుస పూర్తయ్యేలా చివర్లో దాన్ని పట్టుకోనిచ్చి, వెంటనే నాలుగు మెతుకులు పెడితే పిల్లి ఒళ్లు శుభ్రం చేసుకుని పడుకుంటుంది. బయట తిరిగే పిల్లులతో రోజుకు ఐదు నుంచి పది నిమిషాలు ఇలా ఆడినప్పుడు అవి ఇంటికి తెచ్చే వేట సంఖ్య నాలుగో వంతు తగ్గిందనీ, మాంసం ఎక్కువున్న తిండి పెడితే ఇంకా ఎక్కువగా, 36 శాతం దాకా తగ్గిందనీ ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో ప్రకటించారు. తెల్లవారుజామున నిద్ర లేపే పిల్లికి కూడా రాత్రి పడుకునే ముందు ఆట, ఆ తరువాత తిండి అన్నదే నాకు తెలిసిన మంచి మందు.

ఏడో అడుగు: ఇంట్లో ముందే పిల్లి ఉంటే

తొలి పరిచయం ముక్కుతో జరగాలి, కళ్లతో కాదు. కొత్తదాన్ని దాని గదిలోనే ఉంచి, దాని దవడలకు రుద్దిన గుడ్డను పాతదాని దగ్గర, పాతదాని గుడ్డను దీని దగ్గర పెట్టండి. వాసన చూసి పట్టించుకోకుండా వెళ్లిపోతే అది శుభసూచన. తరువాత మూసిన తలుపుకు ఇరువైపులా, దూరం నుంచి మొదలుపెట్టి రోజురోజుకూ దగ్గరగా జరుపుతూ, రెండింటికీ తిండి పెట్టండి. తలుపు పక్కన నిశ్చింతగా తినగలిగినప్పుడే జాలీ వెనక నుంచి చూసుకోనివ్వాలి, అది సవ్యంగా సాగినప్పుడే ఒకే గదిలోకి, అదీ కొద్ది నిమిషాలకు మాత్రమే. ఏ మెట్టు దగ్గరైనా బుసలు, కదలకుండా గుడ్లప్పగించి చూడటం ఎక్కువైతే ఒక మెట్టు వెనక్కి వెళ్లాలి. దీనికి వారాలు పట్టవచ్చు. "కొట్టుకుని అవే సర్దుకుంటాయి" అని వదిలేయడం నేను చూసిన తప్పుల్లోకెల్లా ఖరీదైనది, ఎందుకంటే ఒక్క గట్టి కొట్లాట తరువాత పరిచయం సున్నా నుంచి కాదు, సున్నా కన్నా కింది నుంచి మొదలవుతుంది.

ఎనిమిదో అడుగు: ప్రవర్తనలా కనిపించే రోగాన్ని పట్టుకోండి

ట్రే బయట మూత్రం పోసిన పిల్లి పగ తీర్చుకోవడం లేదు. ముందు రోగం, తరువాత ట్రే, ఆ తరువాత ఒత్తిడి అనే వరుసలో కారణం వెతకాలి. మూత్రాశయపు వాపు ఉన్న పిల్లి ట్రేను నొప్పితో ముడిపెట్టుకుని చల్లని గచ్చునో మెత్తని పరుపునో వెతుక్కుంటుంది. మగపిల్లి పదే పదే ట్రేలోకి వెళ్లి ముక్కుతూ, అరుస్తూ, చుక్క కూడా పోయలేకపోతుంటే తెల్లవారేదాకా ఆగకూడదు: మూత్రనాళం మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. మలబద్ధకమనుకుని ఇంటి వైద్యం చేసి ఆలస్యం చేయడం ఇక్కడ తరచూ జరిగే పొరపాటు.

పిల్లి నొప్పిని దాచుకుంటుంది, అయినా ముఖం కొంత చెప్పేస్తుంది. మాంట్రియల్ విశ్వవిద్యాలయ బృందం 2019లో ప్రచురించిన పద్ధతి ఐదు గుర్తులను చూడమంటుంది: చెవుల స్థితి, కళ్లు ఎంత కుంచించుకున్నాయి, మూతి ఎంత బిగుసుకుంది, మీసాలు వంపుగా వదులుగా ఉన్నాయా నిటారుగా బిగిశాయా, తల భుజాల కన్నా పైన ఉందా కిందికి వాలిందా. ఆరోగ్యంగా ఉన్న రోజున పిల్లి ముఖాన్ని ఎదురుగా ఒక ఫొటో తీసి ఉంచుకోండి. అనుమానం వచ్చిన రోజున పోల్చుకోవడానికి అంతకన్నా పనికొచ్చే వస్తువు లేదు. ఎప్పుడూ ఎక్కే అలమారా ఎక్కడం మానేయడం, ఒళ్లు నాక్కోవడం తగ్గి వెంట్రుకలు జడలు కట్టడం, నిన్నటి దాకా నిమిరించుకున్న చోట నేడు కరవడం, ఇవన్నీ "వయసు మీద పడింది" అని కొట్టిపారేయకుండా వైద్యుడికి చెప్పవలసిన సంగతులు.

శిక్ష ఏ సందర్భంలోనూ పనికిరాదు. నీళ్లు చల్లినా, ముక్కును తడికి అదిమినా పిల్లి నేర్చుకునేది మీరున్నప్పుడు ఆ పని చేయకూడదని మాత్రమే. మూత్రపు మరకను ఎంజైమ్ ఉన్న ద్రవంతో కడగండి, అమ్మోనియా ఉన్నవాటితో కాదు. అమ్మోనియా వాసన పిల్లికి మూత్రాన్నే గుర్తు చేస్తుంది.

తొమ్మిదో అడుగు: షెల్టర్‌కు కబురు రాయండి

దత్తత వెళ్లిన పిల్లుల కబుర్లను చాలా షెల్టర్లు తమ పత్రికల్లో వేసుకుంటాయి. అందరూ పంపేది పట్టుపరుపు మీద నిద్రపోతున్న ఫొటో, "చాలా సంతోషంగా ఉంది" అన్న మాట. ఫొటో పంపండి, అందరికీ ఆనందమే. కానీ సిబ్బందికి నిజంగా పనికొచ్చేది మీ నోటుపుస్తకం. బోనులో అలా ఉన్న పిల్లి ఇంట్లో ఎలా మారిందో, ఎన్నో రోజున మారిందో తెలిస్తే, రేపు అదే బోనులోకి వచ్చే పిల్లి గురించి వారు రాసే వాక్యం మెరుగుపడుతుంది. పొసగక తిరిగి ఇవ్వవలసి వచ్చినా సిగ్గుపడకుండా ఈ వివరాలే ఇవ్వండి. వాటి వల్ల తరువాతి ఇల్లు సరిగ్గా దొరుకుతుంది.

ఆ బూడిద చారల పిల్లిని తీసుకెళ్లిన కుటుంబం మూడు నెలల తరువాత పంపిన చీటీని నేను ఇప్పటికీ కొత్త వాలంటీర్లకు నమూనాగా చూపిస్తాను. అందులో ఇలా ఉంది: "మొదటి ఐదు రోజులు బీరువా వెనక. ఆరో రోజు రాత్రి పదకొండింటికి బయటికి వచ్చి తిన్నది. పద్నాలుగో రోజు మా అమ్మ కాళ్లకు ఒళ్లు రుద్దింది. నిలబడి పిలిస్తే రాదు, నేల మీద కూర్చుంటే వస్తుంది. ఎడమ తుంటి దగ్గర తాకితే తోక ఆడిస్తుంది, వచ్చే వారం డాక్టరుకు చూపిస్తాం. కాలింగ్ బెల్ మోగితే అలమారా ఎక్కుతుంది, పది నిమిషాలకు దిగుతుంది. వీధిలో కుక్క మొరిగితే మాత్రం ఇప్పటికీ ట్రేలోకే వెళ్తుంది."